ముక్కు వేసిన మార్కు

ఆ బడిలో పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు పళ్లెం టీచర్. ఎదురుగా అనరు, వెనక అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది, ఎందుకంటే ఆ పేరంటే లోలోపల మహా ఇష్టం. లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టిన పేరుతో పోలిస్తే ఇది బిరుదు కిందే లెక్క. ఆయన పేరేమిటో ఇక్కడ చెప్పకపోవడమే మర్యాద.

పళ్లెం అంటే తినే పళ్లెం కాదు. తరగతి గోడకు వేలాడే గుండ్రటి చెక్క. కళ్లజోళ్ల షాపు నడుపుకునే ఆవిడ భర్త ఒక సెలవు రోజున సణుక్కుంటూనే రంపం పట్టి కోసి ఇచ్చాడు. దాన్ని నాలుగు భాగాలు చేసి ఆవిడ నాలుగు రంగులు వేసింది. ధాన్యాలకు ఒకటి, పప్పులూ గుడ్లూ చేపలూ మాంసాలకు ఒకటి, కూరగాయలకూ ఆకుకూరలకూ ఒకటి, పళ్లకు ఒకటి. ప్రతి భాగంలోనూ చిన్న చిన్న మేకులు. ఎవరేం తిన్నారో ఆ బొమ్మ ఉన్న అట్టముక్కను అక్కడ తగిలించాలి. నాలుగు రంగులూ నిండితే పూట నిండినట్టు. ఒక్క రంగు బోసిగా ఉన్నా ఆవిడ ప్రాణం ఒప్పుకోదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆవిడ పెరిగింది దిక్కులేని పిల్లల హాస్టల్లో. అక్కడ పొద్దున తెల్లటి జావ, మధ్యాహ్నం తెల్లటి అన్నం, రాత్రి ఆ మిగిలిన అన్నంలోనే నీళ్లు. ఆ తిండికి రంగూ లేదు, రుచీ లేదు, వాసన అంతకన్నా లేదు. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. అందరికీ వస్తుంటే లోకమంతా ఇంతే కాబోలు అనుకుంది. ఒకసారి ఎవరో నర్సు వచ్చి, పిల్లల నోళ్లు తెరిపించి చూసి, వార్డెన్‌ను ఎడాపెడా వాయించి వెళ్లింది. ఆ మర్నాటి నుంచి నిమ్మకాయలూ ఆకుకూరలూ వచ్చాయి. నెల తిరక్కుండా రక్తం ఆగిపోయింది. తిండి సరిగా లేకపోతే మనిషి నోట్లోంచి నెత్తురు కారుతుందని కళ్లారా చూసిన పిల్ల పెద్దయ్యాక ఏమవుతుంది? పళ్లెం టీచరే అవుతుంది.

ఆవిడ కనిపెట్టినవాటిల్లోకెల్లా గొప్పది రుచి గంట. ఆ బడి చుట్టూ గోదాములూ వర్క్‌షాపులూ. పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఆ వీధుల్లో చేరారు. ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లల ఇళ్లల్లో ఒకరి వంటకూ ఒకరి వంటకూ పొంతన ఉండదు. ఇంత పెట్టుకుని పుస్తకంలో బొమ్మలు చూపించడమేమిటి, చోద్యం కాకపోతే, అనుకుంది ఆవిడ. వారానికోసారి ఎవరో ఒకరు తమ ఇంటి వంట డబ్బా నిండా తేవాలి. అందరూ తలా ఒక ముద్ద తినాలి. ఏది ఏ రంగులోకి వస్తుందో చెప్పి అట్టముక్క తగిలించాలి. "ఛీ" అన్న మాట ఎవరి నోటా రాకూడదు. అన్నవాళ్లు ఆ పూట గిన్నెలు కడగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, ముందు టీచర్ తినాలి. తరగతి ముందు నిలబడి, అందరూ చూస్తుండగా మొదటి ముద్ద తనే నోట్లో పెట్టుకుని "చాలా బాగుంది" అనాలి. టీచరే తిన్నాక పిల్లలు తినక ఏం చేస్తారు? అదీ ఆవిడ ఎత్తు. ఆవిరి మీద ఉడికిన పిండి ఉండలు తింది, గొర్రెపాల జున్ను తింది, సముద్రపు నాచు చుట్టిన అన్నం తింది. అన్నిటికీ ఒకటే మాట, చాలా బాగుంది. ఆ తర్వాత పిల్లలు వరసగా వచ్చి తింటుంటే ఆవిడకు చూస్తూనే కడుపు నిండిపోయేది. వేరే బడుల టీచర్లు కూడా వచ్చి చూసి, ముక్కున వేలేసుకుని వెళ్లారు.

ఆ ఏడాది మధ్యలో వచ్చి చేరింది పిచ్చుక. పిచ్చుక అంటే ఒక ఎనిమిదేళ్ల పిల్ల. బక్కగా ఉంటుంది, నోరు మూయదు, కూర్చున్నచోట కూర్చోదు. చేరిన రోజు సాయంత్రానికే ఆ పేరు పడిపోయింది. కొండల అవతలి నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి దూరాన ఎక్కడో రోడ్డు పనుల్లో ఉంటాడు, తల్లి లాండ్రీ షాపులో ఇస్త్రీ చేస్తుంది, ఆ షాపు వెనక గదిలోనే ఉంటారు.

పిచ్చుక వంతు వచ్చింది. డబ్బా పొట్టకు హత్తుకుని తెచ్చింది. "మా అమ్మ పెందలాడే లేచి చేసింది టీచర్, మా అమ్మమ్మ కూడా ఇలాగే చేస్తుంది టీచర్" అని ఊపిరాడకుండా చెబుతూనే ఉంది. మూత తీశారు. ముడిబియ్యం అన్నం, పులియబెట్టిన సోయా గింజల ముద్ద, జాడీలో ఊరబెట్టిన ఆకుకూర, ఎండిన పండ్ల ముక్కలు. నిజం చెప్పొద్దూ, ఆ ఏడాది మొత్తమ్మీద నాలుగు రంగులనూ ఒక్క దెబ్బతో నింపిన డబ్బా అదే. వాసన మాత్రం మూత తీయగానే గుప్పుమని గది నాలుగు మూలలా పాకింది.

టీచర్ ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. "చాలా బాగుంది" అంది. ఊరికే అనలేదు, పళ్లెం మీద నాలుగు రంగులూ నింపి చూపించి, "ఇంత సంపూర్ణమైన భోజనం ఈ తరగతిలో ఇంతవరకూ ఎవరూ తేలేదు" అని చప్పట్లు కొట్టించింది. చప్పట్లు మోగుతుంటే పిచ్చుక ముఖం ఎందుకో చిన్నబోయింది. పిల్ల సిగ్గుపడుతోంది అనుకుంది ఆవిడ.

తర్వాత తర్వాత పిచ్చుక మాటలు తగ్గాయి. డబ్బాలో తెల్ల రొట్టె ముక్కలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. "మీ అమ్మ చేసే ముద్ద ఏదమ్మా? అంత మంచి తిండి మానేసి ఈ ఉత్త రొట్టె ఏమిటి?" అని టీచర్ రెండు మూడుసార్లు అడిగింది. "అమ్మకు తీరిక లేదు టీచర్" అని తల దించుకునేది. ఇస్త్రీ పనిలో తీరిక ఎక్కడుంటుందిలే అని సరిపెట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే మెట్లెక్కుతూ పిచ్చుక కూలిపోయింది. పుస్తకాల సంచీ ఒకవైపు, పిల్ల ఒకవైపు. టీచరే ఎత్తుకుని కిందికి పరుగెత్తింది. చేతుల్లో బరువే లేదు. బడి నర్సు కనురెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదు. ఏం తింటోంది ఈ పిల్ల?" అంది. రాత్రీ పగలూ సమతుల ఆహారం అని కలవరించే టీచర్ తరగతిలో పిల్ల తిండి లేక పడిపోయింది! ఆవిడ వెంటనే లాండ్రీకి కబురు పంపింది.

మర్నాడు తల్లి వచ్చింది. హెడ్ టీచర్ గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆవిరికి చేతులు ఎర్రబారి, వేళ్ల చివర్లు ముడతలు పడి ఉన్నాయి. పోట్లాడటానికి వచ్చిన మనిషిలా లేదు, అదే ఇంకా భయంగా ఉంది.

"ఇంట్లో వండింది ముట్టడం లేదు టీచరమ్మా. తెల్ల అన్నం, తెల్ల రొట్టె, అంతే. కూర వేస్తే పళ్లెం తోసేస్తుంది. నేను పొయ్యి వెలిగిస్తే లేచి బయట కూర్చుంటుంది. బడికొచ్చే ముందు సబ్బుతో నోరు కడుక్కుంటోంది. సబ్బుతో! ఎందుకే అంటే, మన తిండి కంపు, మా టీచరే చెప్పింది అంటోంది."

టీచర్ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "నేనా?" అంది. వెంటనే కోపం ముంచుకొచ్చింది. "నా జన్మలో ఆ మాట అనలేదమ్మా. మీ డబ్బానే అన్నిటికన్నా గొప్పదని చప్పట్లు కొట్టించాను. కావాలంటే తరగతినంతా అడగండి. ఛీ అన్నవాళ్లతో గిన్నెలు కడిగించే దాన్ని నేను, నేనంటానా?"

"మీరు అనలేదంటే అనలేదు. కానీ నా పిల్ల అబద్ధమాడదు" అంది తల్లి. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇలాగే ఉంటే ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తుందన్నాడు డాక్టరు. నా మాట వినడం లేదు. మీరెంత చెబితే అంత దానికి. ఎలాగైనా మళ్లీ నా చేతి అన్నం తినేలా చేయండి టీచరమ్మా" అని చేతులు పట్టుకుంది.

టీచర్ ఉడికిపోతూ తరగతికి వచ్చింది. తన పేరు చెప్పి ఎవరో ఆ పసిదాన్ని ఏడిపించారు, దొరికితే చెవులు పిండాలి. గుచ్చి గుచ్చి అడిగింది. పిచ్చుక డబ్బాను ఎవరూ ఏమీ అనలేదట. అందరూ ఒట్టేశారు. వాళ్ల ముఖాలు చూస్తే నిజమే చెబుతున్నట్టున్నాయి. దొంగే దొరక్కపోతే చెవులు ఎవరివి పిండాలి?

మధ్యాహ్నం విరామంలో కిందికి దిగుతుంటే మెట్ల మలుపు దగ్గర, నీళ్ల కుళాయిల వైపు నుంచి నవ్వులు వినిపించాయి. తొంగి చూసింది. ఆడపిల్లలు గుండ్రంగా నిలబడి టీచరాట ఆడుతున్నారు. టీచర్ వేషం కట్టింది వకీలు. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుంది కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు. ఒక్కొక్కరూ డబ్బా మూతల్లో ఆకులూ గులకరాళ్లూ పెట్టుకుని ముందుకొస్తున్నారు. వకీలు ఒక ఆకు తీసి తిన్నట్టు నటించి, నడుం మీద చెయ్యేసి, తల కాస్త పక్కకు వంచి, "చాలా బాగుంది" అంది. అచ్చం తనలాగే. పళ్లెం టీచర్‌కు నవ్వొచ్చింది కూడా.

తర్వాత ఇంకో మూత వచ్చింది. వకీలు ఆకు నోటి దగ్గర పెట్టుకుంది. ఈసారి ముక్కుపుటాలు రెండూ లోపలికి లాగేసుకుని, ముక్కు మొదట్లో ఒక్క ముడత వేసి, ఆ ముడతతోనే నవ్వుతూ "చాలా బాగుంది" అంది.

"ముక్కు! ముక్కు పెట్టింది! నువ్వు అవుట్!" అని పిల్లలంతా గోల గోల. ఆ మూత తెచ్చిన పిల్ల మూతి ముడుచుకుని పక్కకు వెళ్లి నిలబడింది.

టీచర్ మెట్లు దిగి వాళ్ల దగ్గరికి వెళ్లింది. పిల్లలు ఆవిడను చూసి గప్‌చుప్ అయిపోయారు. ఆవిడ వకీలును మాత్రం దగ్గరికి పిలిచింది.

"ముక్కు అలా పెట్టావేమే?"

"నేను కాదు టీచర్, మీరు పెడతారు."

"నేనెప్పుడు పెట్టాను?"

"డబ్బా బాగోలేనప్పుడు" అంది వకీలు, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. "నోటితో అందరికీ బాగుందంటారు, అది మర్యాద. అసలు మార్కు ముక్కుతో వేస్తారు. రుచి సగం ముక్కులోనే ఉంటుందని మీరే చెప్పారుగా. జున్ను తెచ్చినవాడికి కొంచెం ముక్కు వేశారు. నాచు అన్నానికి అస్సలు వేయలేదు. పిచ్చుక డబ్బాకు వేసినంత పెద్ద ముక్కు ఎవరికీ వేయలేదు టీచర్."

పిల్ల ముఖంలో వెటకారం లేదు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. అందుకే ఆవిడ కొయ్యబారిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. ముక్కు గురించి వాళ్లూ ఏమీ చెప్పినట్టు లేదు.

అలాంటిదేమీ లేదని చెప్పించుకోవడానికి సాయంత్రం తిన్నగా భర్త షాపుకు వెళ్లింది. ఆయన ఎవరికో కళ్లజోడు సరిచేసి పంపి, ఖాళీ అయ్యాక విన్నాడు. విన్నంతసేపూ చేతిలోని అద్దాన్ని తుడుస్తూనే ఉన్నాడు.

"పిల్లలు ఊహించుకుని ఉంటారు కదండీ? నేనలా ముఖం పెడతానా?"

"రోజంతా జనం ముక్కుల మీద జోళ్లు నిలబెట్టి బతికేవాణ్ణి. ముక్కు గురించి నన్నే అడుగుతున్నావా?" అన్నాడు. నవ్వలేదు. "పెడతావు. పెళ్లయిన కొత్తలోనే చూశాను. మా అమ్మ ఎండుచేపల కూర వండినప్పుడల్లా."

"అబద్ధం. అత్తయ్య వండితే నేను రెండోసారి కూడా వడ్డించుకునేదాన్ని. బాగుందనేదాన్ని."

"అనేదానివి."

"తర్వాత ఆవిడే మానేసింది కదా. మోకాళ్లు నొప్పులని, పొయ్యి దగ్గర నిలబడలేనని..."

ఆయన అద్దం కింద పెట్టాడు. "మోకాళ్లు కాదే. అమ్మాయి పాపం తింటోందిరా, నోరు నవ్వుతోంది గానీ ముక్కు ఏడుస్తోంది, ఇంకెప్పుడూ వండను, అంది నాతో. పోయేదాకా వండుకోలేదు. మా అమ్మకు ఇష్టమైన కూర అదొక్కటే."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెప్పొద్దంది. నువ్వు బాధపడతావట."

షాపు నిండా అద్దాలే. ఎటు చూసినా ఆవిడ ముఖమే. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు, కానీ ఎరగకపోవడం వల్ల ఒక ముసలావిడ చివరిదాకా ఇష్టమైన కూర తినకుండా పోయిందని ఎవరు అనుకుంటారు? ఎప్పటికో లేచి, "లాండ్రీకి వెళ్లొస్తాను" అంది. ఈ టైములో బట్టలేమిటని ఆయన అడగలేదు.

లాండ్రీ వెనక గది చిన్నది. ఒక మంచం, గోడవారగా పొయ్యి, పై తాడు మీద ఇస్త్రీకి వచ్చిన ఎవరివో చొక్కాలు. పిచ్చుక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని రొట్టె ముక్క నములుతోంది. టీచర్‌ను చూడగానే నమలడం ఆపేసింది.

"మీరు వండింది నాకు పెట్టండమ్మా" అంది టీచర్ తల్లితో. తల్లి బిత్తరపోయి కూతురివైపు చూసింది. తర్వాత పళ్లెం పెట్టి, అన్నం, గింజల ముద్ద, ఊరిన ఆకుకూర వడ్డించింది.

దారి పొడుగునా ఆవిడ తన ముక్కుకు నచ్చజెప్పుకుంటూనే వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకుంది. ముక్కు మాట వినలేదు. పుటాలు లోపలికి లాక్కున్న సంగతి జన్మలో మొదటిసారి ఆవిడకే తెలిసింది. మంచం మీది రెండు కళ్లూ ఆ ముక్కు మీదే ఉన్నాయి, నోటి మీద కాదు.

"పెట్టారు" అంది పిచ్చుక సన్నగా. "మళ్లీ ముక్కు పెట్టారు."

నాలుక చివరిదాకా వచ్చిన "చాలా బాగుంది"ని టీచర్ ముద్దతో పాటే మింగేసింది. "పెట్టాను. చిన్నప్పుడు నేను వాసనే లేని తిండి తిని పెరిగాను. నా ముక్కుకు ఏ కొత్త ఘాటు వాసన తగిలినా ఉలిక్కిపడుతుంది. లోపం దానిది. మీ అమ్మ వంటలో ఏ లోపమూ లేదు."

"మరి ఆ రోజు బాగుందని ఎందుకన్నారు?"

పొయ్యి దగ్గర తల్లి కూడా ఆ జవాబు కోసమే ఆగినట్టుంది.

"మర్యాద కోసం. అబద్ధం చెప్పాను" అంది టీచర్. "ఇవాళ చెప్పడం లేదు. నాకు అలవాటు లేదు, అయినా తింటాను. అలవాటయ్యేదాకా వచ్చి తింటాను." ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ముక్కు ముడుచుకుంది, దాచలేదు. ఇంకో ముద్ద తింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి వాసనకో దేనికో ఆవిడకే తెలియదు.

పిచ్చుక చాలాసేపు చూసింది. రొట్టె ముక్క పక్కన పెట్టింది. మంచం దిగి వచ్చి టీచర్ పక్కన చతికిలబడి, "నాకూ పెట్టమ్మా" అంది. తల్లి గరిటె అందుకుంది. ఏ మాట అంటే పిల్ల మనసు మార్చుకుంటుందోనని నోరెత్తకుండా వడ్డించింది.

పిచ్చుక అన్నం కలిపింది. చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. గుండెల మీది బండ దిగినట్టయి టీచర్ పిల్ల తల నిమరబోయింది.

అప్పుడు చూసింది. పిచ్చుక ముక్కుపుటాలు రెండూ లోపలికి లాక్కున్నాయి. ముక్కు మొదట్లో ఒక్క ముడత పడింది. ఆ ముడతతోనే తల కాస్త పక్కకు వంచి, తల్లి వైపు చూసి నవ్వుతూ అంది పిల్ల.

"చాలా బాగుందమ్మా."

పిల్ల ఆటకు చేయలేదు. అలా చేస్తున్నట్టు దానికి తెలియనే తెలియదు. టీచర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తల్లి కూతురి ముఖం వైపు చూసింది, తర్వాత టీచర్ ముఖం వైపు చూసింది, మళ్లీ కూతురి వైపు చూసింది. గరిటె గిన్నెలో పెట్టి, చెంగు సర్దుకుని, మెల్లగా అడిగింది.

"ఇంకొంచెం వేయమంటావా?"

కన్నబిడ్డను అడిగినట్టు లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టుంది.